మేకు పట్టిందా, పూస పట్టిందా?

సభకు నమస్కారం.

అకూస్టిక్ గిటారు బ్రిడ్జి మీద, అంటే తీగల కింది చివరలను పట్టి ఉంచే చెక్క ముక్క మీద, వరుసగా ఆరు పిన్నుల గుండు తలలు కనిపిస్తాయి. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ పిన్నుల గురించి. సామెతల పుట్టుక మీద ప్రసంగించమని పిలిస్తే ఇదేం విడ్డూరమని నిర్వాహకులు ఈపాటికే కంగారుపడి ఉంటారు. అయితే ఒక సామెత ఎక్కడ పుట్టిందో తేల్చేటప్పుడు మనం తరచుగా చేసే పొరపాటూ, ఈ పిన్నును చూసి చేసే పొరపాటూ ఒకటేనని నా అభిప్రాయం. కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

పిన్నును చూడగానే, సీసాకు బిరడా బిగించినట్టు దీన్ని రంధ్రంలో బిగించారనీ, ఆ బిగువుకే తీగ నిలిచి ఉందనీ ఎవరికైనా అనిపిస్తుంది. నిజానికి ఉక్కు తీగ చివర చిన్న ఇత్తడి పూస ఒకటి ఉంటుంది. అది బ్రిడ్జి రంధ్రం గుండా లోపలికి దిగి, పై పలక అడుగున అతికించిన గట్టి చెక్కకు, అంటే బ్రిడ్జి ప్లేటుకు, కింది నుంచి ఆనుకుంటుంది. ఆ పూస మళ్లీ రంధ్రంలోకి జారిపోకుండా పక్కకు నెట్టి ఉంచడమే పిన్ను పని. ఆరు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు మొత్తం లాగుడు సుమారు 70 కిలోలు ఉంటుంది. దానిని కాసేది పూస, దాన్ని ఆపే చెక్క. పూస సరిగా ఆనితే పిన్నును బొటనవేలితో నొక్కితే చాలు. పూస పిన్ను మొన కింద చిక్కుకుందా, శ్రుతి పెంచుతున్నకొద్దీ పిన్ను పైకి లేస్తూ వచ్చి, చివరికి టప్పున ఎగిరిపోతుంది.

ఇది తెలియని రోజుల్లో నేను, లేస్తున్న పిన్నును చిన్న సుత్తితో తట్టి దించాను. కొన్నాళ్లకు బ్రిడ్జి మీద రంధ్రం నుంచి రంధ్రానికి వెంట్రుకంత చీలిక తేలింది. మొన వైపు సన్నబడే మేకును బలంగా దించితే అది చెక్కను చీల్చక మానదు. తప్పు పూసది, దెబ్బ తిన్నది బ్రిడ్జి.

ఈ ఏర్పాటు ఉక్కు తీగలకన్నా పాతది. గొర్రె పేగుతో చేసిన తంతులు వాడిన కాలంలో పూసకు బదులు ముడి ఉండేది. సాక్సనీలో పుట్టి 1833లో న్యూయార్క్ చేరిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ గిటార్లలోనూ పిన్నులున్నాయి. నైలాన్ తీగల క్లాసికల్ గిటారుకు మాత్రం పిన్నులు ఉండవు, తీగను బ్రిడ్జికే చుట్టి ముడి వేస్తారు.

ఇక సామెతల దగ్గరికి వద్దాం. "తీగ లాగితే డొంకంతా కదిలింది" అంటాం. ఒక వీణ విద్యార్థి ఈ తీగ వాద్యం మీది తీగేనని, ఒకటి లాగితే మిగతావన్నీ మోగుతాయి గనుక ఆ మాట పుట్టిందని నాతో ఎంతో నమ్మకంగా వాదించాడు. వినడానికి ముచ్చటగానే ఉంది గానీ, అందులో డొంక మాటేమిటి? డొంక అంటే పొద. దాన్ని అల్లుకున్న పాదునో, కాకర తీగనో పట్టి లాగిన రైతుకు ఆ పొదంతా కదలడం కళ్లారా తెలుసు. వాద్యం మీది లోహపు తీగకు ఆ పేరు వచ్చిందే ఆ పాదును చూసి. పైకి కనిపించే "తీగ" అనే మాట పిన్నులాంటిదైతే, లోపల పట్టి ఉంచిన పూస "డొంక".

వాద్యం నుంచే పుట్టిందని ధైర్యంగా చెప్పగలిగినదీ ఉంది: "రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు". రోలుకు దెబ్బ ఒక వైపే. మద్దెలకు రెండు వైపులా. ఆ వాద్యాన్ని రెండు ముఖాలతో చేయకపోయి ఉంటే ఈ సామెతకు అర్థమే లేదు. శ్రుతిదీ అదే దారి: పత్రికలు జాతరలో ప్రమాదం జరిగితే "అపశ్రుతి" అని శీర్షిక పెడతాయి. (దాన్ని "అపశృతి" అని రాయడం అసలైన అపశ్రుతి అని నా చాదస్తం.)

ఇంగ్లీషువారికి గుండ్రని రంధ్రంలో చదరపు మేకు అనే నానుడి ఉంది. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1804-1806 మధ్య ఇచ్చిన ఉపన్యాసాల్లో సిడ్నీ స్మిత్ అనే మతాచార్యుడు, మనుషులు తమకు సరిపడని ఉద్యోగాల్లో ఇరుక్కోవడాన్ని ఇలాంటి రంధ్రాలతోనే పోల్చాడు. వడ్రంగాన్ని ఎరిగినవారికి ఇది కొంచెం నవ్వు తెప్పిస్తుంది. దూలాలను కలిపే పనివారు గుండ్రని రంధ్రంలోకి పలకల మేకును కావాలనే దించుతారు, అంచులు చెక్కను కరిచి పట్టుకుంటాయి గనుక. ఈ నానుడి పనివాడి చేతిలోకన్నా ఉపన్యాస వేదిక మీదే పెరిగిందని నాకు అనిపించడానికి కారణం అదే.

పేర్లలోనూ ఈ చిక్కు ఉంది. గిటారు బ్రిడ్జి అంటే వంతెన. మన వీణకు ఆ స్థానంలో ఉన్నది గుర్రం. ఫ్రెంచివారూ దాన్ని చిన్న గుర్రమనే పిలుస్తారు, తమిళులు కుదిరై అంటారు. ఇంగ్లీషువారు వంతెన అని పేరు పెట్టి, దాని మీద తీగలు ఆనే ఎముక పట్టీని శాడిల్ అంటారు, అంటే జీను! గుర్రం లేని జీను వాళ్లది, జీను లేని గుర్రం మనది. ఇందులో ఎవరు ఎవరిని చూసి పేరు పెట్టారని అడిగితే, ఎవరూ ఎవరినీ చూడనక్కర్లేదంటాను. తీగ ఎక్కి కూర్చున్నదాన్ని గుర్రమనడానికి కళ్లుంటే చాలు.

ఈ బల్ల మీద నా గిటారు, దంతవైద్యులు వాడే చిన్న అద్దం, ఒక టార్చి ఉన్నాయి. సభ ముగిశాక రండి. అద్దాన్ని సౌండ్ హోల్‌లోంచి, అంటే పై పలక మధ్యనున్న పెద్ద రంధ్రంలోంచి, లోపలికి పెట్టి చూస్తే ఐదు పూసలు చెక్కకు ఆని ఉంటాయి. ఆరోదాన్ని కావాలనే తప్పుగా పెట్టాను. అది ఏ తీగదో పైనుంచి చూసి చెప్పగలరేమో ప్రయత్నించండి.