కొట్టేసే ముందు ఎందుకో చెప్పు!

నమస్తే అండి. క్విజ్‌లో ఎలిమినేషన్ గురించి, అంటే తప్పు ఆప్షన్లు ఒక్కోటీ కొట్టేసి జవాబు పట్టుకోవడం గురించి చెప్పమని చాలామంది అడుగుతున్నారు. ముందు దానివల్ల నా పరువు ఎలా పోయిందో చెప్పేస్తాను.

ఇంటర్ చదివే రోజులు. విజయనగరంలో పోటీ. నేనూ మా ఫ్రెండూ ఒక టీం. ప్రశ్న ఏటంటే, బొబ్బిలి యుద్ధం ఏ సంవత్సరంలో జరిగింది? ఆప్షన్లు 1757, 1764, 1794, 1857. పక్కూరి యుద్ధం, తాండ్ర పాపారాయుడి పేరు వింటూ పెరిగినోళ్లం. సంవత్సరం మాత్రం ఇద్దరికీ తెలీదు!

సరే, మొదలెట్టాం. 1857 సిపాయిల తిరుగుబాటు, కొట్టేయ్. 1794 పద్మనాభం యుద్ధం. అందులో పోయింది విజయనగరం రాజు చిన విజయరామరాజు, బొబ్బిలి కథలో పాపారాయుడు చంపింది పెద విజయరామరాజుని. కొట్టేయ్. ఇక్కడిదాకా బానే ఉంది. అప్పుడు నేను మహా తెలివిగా "1757 అంటే ప్లాసీ కదరా, అదీ కొట్టేయ్" అన్నాను. మిగిలింది 1764. చెప్పేశాం. తప్పు.

బొబ్బిలి జనవరిలో, ప్లాసీ జూన్‌లో. రెండూ 1757లోనే. ఒకే ఏడాదిలో రెండు యుద్ధాలు జరక్కూడదని నాకెవరు చెప్పారు?

అసలు కొట్టేయాల్సింది 1764ని. బొబ్బిలి మీదికి విజయనగరం రాజుతో కలిసి వచ్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ. అదే ఫ్రెంచివాళ్లు 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాత మన వైపు వాళ్ల పెత్తనం లేదు. మరి 1764లో బుస్సీ ఎక్కణ్నుంచి వస్తాడు? ఇదీ కారణమంటే. నేను చెప్పింది కారణం కాదు, అది నాకు గుర్తొచ్చిన ఇంకో విషయం. అంతే.

ఇంకొకటి చూడండి. వంశధార సముద్రంలో ఎక్కడ కలుస్తుంది? భీమిలి, కోనాడ, కళింగపట్నం, బారువ. పుస్తకం తెరవక్కర్లేదు, బస్సెక్కితే చాలు. విజయనగరం నుంచి టెక్కలి వైపు వెళ్తే ముందు శ్రీకాకుళంలో నాగావళి వస్తుంది, ఆ తర్వాత మడపాం దగ్గర వంశధార. భీమిలి, కోనాడ రెండూ నాగావళికి ఇవతలే. అక్కడికి చేరాలంటే వంశధార నాగావళిని దాటాలి. నది నదిని దాటుతుందా? రెండు ఆప్షన్లూ ఒక్క దెబ్బకి పోయాయి. బారువేమో సోంపేట పక్కన, అది మహేంద్రతనయ కలిసే చోటు. ఇక మిగిలింది కళింగపట్నం.

నెగెటివ్ మార్కులున్న పరీక్షలో లెక్క కూడా చూసుకోండి. ఒప్పుకి ఒక మార్కు, తప్పుకి మూడో వంతు కోత అనుకుందాం. నాలుగేసి ఆప్షన్లున్న 12 ప్రశ్నలకి కళ్లు మూసుకుని టిక్కు పెడితే సగటున 3 ఒప్పు, 9 తప్పు. వచ్చిన 3 మార్కులూ కోతకే సరి, చేతిలో సున్నా. ప్రతిదాంట్లో రెండేసి ఆప్షన్లు సరిగ్గా కొట్టేస్తే 6 ఒప్పు, 6 తప్పు, కోత పోను 4 మార్కులు. "సరిగ్గా" అన్నాను, గమనించండి. నాలాగ అసలు జవాబునే కొట్టేస్తే మిగిలినవాటిలో ఏది పెట్టినా కోతే.

అందుకే టీంలో ఒకడు "అది కాదు" అంటే, రెండోవాడు "ఎందుకు కాదు?" అని అడగాలి. ఎప్పుడూ వినలేదు, ఎందుకో కాదనిపిస్తోంది లాంటి మాటలొస్తే ఆ ఆప్షన్ అలాగే ఉండనివ్వండి. బజర్ రౌండ్‌లో ఇంత టైముండదు, నిజమే. అక్కడ తెలిస్తే నొక్కడం, తెలీకపోతే చెయ్యి కట్టుకోవడం.

మీకో ప్రశ్న. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఎవరు? గురజాడ, గిడుగు, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు. గురజాడ 1915లోనే పోయారు. గిడుగు వారిది వ్యావహారిక భాషా ఉద్యమం, పాట కాదు. ద్వారం వారు 1893లో పుట్టారు, అప్పటికి వయసెంతో లెక్కేసుకోండి. ఇప్పుడు ఎవర్ని కొట్టేస్తారు? పేరొక్కటే కాదు, ఎందుకో కూడా చెప్పాలి మరి!