పదును చూసి మిషన్ దింపండి

శ్రోతలకు నమస్కారం.

అనంతపురం చీనీ (బత్తాయి) తోటల్లో, మైదుకూరు వైపు పసుపు మళ్లలో, కర్నూలు శివార్లలో ఇంటి వెనక నాలుగు సాళ్ల కూరగాయలు వేసుకునేవాళ్ల దగ్గర ఈమధ్య ఒక చిన్న మిషన్ బాగా కనిపిస్తోంది. వెనక నడుస్తూ రెండు చేతులతో పట్టుకుని నడిపే పవర్ వీడర్. కొందరు మినీ టిల్లర్ అంటారు. ఇళ్లలో ఎద్దులు తగ్గిపోయాయి. కలుపుకు మనుషులు దొరకడం కష్టంగా ఉంది. ట్రాక్టరేమో చెట్ల మధ్య తిరగదు. అందుకే దీనికి గిరాకీ పెరిగింది. చిక్కల్లా ఒకటే. అమ్మేవాళ్లు దీన్ని స్టార్ట్ చేయడం చూపిస్తారు గానీ, నేలలోకి దింపడం చూపించరు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది నేల పదును, అంటే దున్నడానికి సరిపడే తడి. మడక పట్టిన పెద్దవాళ్లకు ఈ మాట చెప్పక్కర్లేదు. వాన పడిన మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే చేలోకి పోయి మట్టి పిసికి చూసేవాళ్లు. ఇంజను చేతికొచ్చాక మనకు ఆ ఓపిక తగ్గింది. పెట్రోలు పోస్తే ఎండు నేలైనా దున్నుతుందిలే అనుకుంటాం. దున్నదు. ఎందుకంటే చాలా మిషన్లలో బ్లేడ్లు మనం ముందుకు నడిచే దిశలోనే తిరుగుతాయి. నేల మెత్తగా ఉంటే అవి మట్టిలో దిగి తవ్వుతాయి. గట్టిగా ఉంటే దిగడానికి చోటు దొరక్క, చక్రాల్లా పైపైన దొర్లి మిషన్‌ను ఒక్కసారిగా ముందుకు ఎగరేస్తాయి. వెనక పట్టుకున్న మనిషి కూడా దాంతోపాటు పోవాల్సిందే. పదును లేని నేలలో పని సరిగా జరగదు, ప్రమాదమూ అక్కడే ఎక్కువ.

తడి ఎక్కువైనా తిప్పలే. ముఖ్యంగా ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడిలో బ్లేడ్లకు బంకమట్టి చుట్టుకుపోతుంది. లేచిన పెళ్లలు ఎండాక రాళ్లవుతాయి. పైగా చుట్టుకున్న మట్టిని తీయడానికి మనిషి చెయ్యి బ్లేడ్ల దగ్గరికి పోతుంది.

పదును తెలుసుకోవడం తేలికే. నాలుగైదు అంగుళాల లోతు నుంచి పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కండి. ఉండ కట్టి, బొటనవేలితో ఒత్తగానే పొలపొలా విడిపోతే మిషన్ దింపొచ్చు. ఉండే కట్టకపోతే నేల ఎండిపోయినట్టు. వేలికి జిగటగా అంటుకుంటే ఇంకా ఆగాలి. ఎర్రనేలలో పదును తొందరగా వచ్చి తొందరగా పోతుంది. రేగడిలో ఆలస్యంగా వస్తుంది. పెరట్లో అయితే ముందురోజు పలచగా నీళ్లు కట్టి, మట్టి ఆరే తీరు చూసుకుని మొదలుపెట్టొచ్చు.

మిషన్ తీసేముందు చేనంతా ఒకసారి నడవండి. మన గరుసు నేలల్లో రాళ్లకు కొదవ లేదు కదా. బ్లేడుకు తగిలిన రాయి ఎటు లేస్తుందో చెప్పలేం. పాత కంచె తీగలు, గోనెసంచి పీలికలు, అన్నిటికీ మించి డ్రిప్ పైపులు ఉంటాయి. లేటరల్ పైపును, అంటే చెట్ల వరస వెంట పోయే సన్న పైపును, చెట్టు మొదలు వైపుకు జరపకుండా మిషన్ తిప్పితే, క్షణంలో బ్లేడ్లకు చుట్టుకుని పైపూ పోతుంది, పనీ ఆగిపోతుంది. పిల్లల్ని గట్టు అవతలే ఉంచండి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కాబట్టి వాళ్లు దగ్గరికొస్తారు.

ఇక బట్టలు. లుంగీ, పంచె, మెడలో వేలాడే తువ్వాలు, ఆడవాళ్లయితే చీర కొంగు, చున్నీ, ఇవన్నీ తిరిగే బ్లేడ్లకు చిక్కేవే. ప్యాంటు వేసుకోండి, కొంగైతే నడుముకు గట్టిగా చుట్టి దోపండి. కాళ్లకు ముందు భాగం గట్టిగా ఉండే బూట్లు ఉండాలి. చేనికి బూట్లేమిటని నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వనివ్వండి.

నేలలో దింపాక చాలామంది హ్యాండిల్ మీద బరువంతా వేసి తొక్కుతారు. లోతు అలా రాదు, నడుము నొప్పి వస్తుంది. మిషన్ వెనక కిందికి ఒక ఇనప కడ్డీ ఉంటుంది. లోతు కోసం పెట్టిందే అది. దాన్ని కిందికి దించితే నేలలో గుచ్చుకుని మిషన్‌ను వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్లేడ్లు ఉన్నచోటే తిరిగి లోతుగా తవ్వుతాయి. పైకి ఎత్తితే మిషన్ చురుగ్గా ముందుకు నడుస్తుంది, లోతు తగ్గుతుంది. పదునున్నా కాస్త గట్టిగా ఉన్న నేలలో మొదటి సాలు రెండు అంగుళాలకు మించకుండా పోనిచ్చి, కడ్డీ ఒక రంధ్రం దించి రెండోసారి రండి. కలుపు కోసమే అయితే రెండు మూడు అంగుళాలు చాలు.

హ్యాండిల్‌కు ఉండే లివర్ వదిలేస్తే బ్లేడ్లు ఆగాలి. చెయ్యి నొస్తోందని ఆ లివర్‌ను తాడుతో కట్టేసేవాళ్లున్నారు. ఇంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. మనిషి జారిపడితే దాన్ని ఆపేది ఆ ఒక్క లివరే. రివర్స్ గేరు విషయంలో ఇంకా జాగ్రత్త. కాలు బ్లేడ్ల కిందికి పోయే భయం అప్పుడే ఎక్కువ. యాక్సిలరేటర్ తగ్గించి, వెనక చూసుకుని, రెండడుగులకు మించి పోకండి. వెనక గోడ, చెట్టు, గట్టు ఉంటే రివర్స్ వెయ్యనే వద్దు. ఏదైనా చుట్టుకుంటే ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు పీకి, ఆ తర్వాత కట్టెతో తీయండి.

చీనీ తోట రైతులకు ఒక మాట. చీనీకి నీళ్లు, ఎరువు పీల్చే సన్నవేర్లు పైమట్టిలోనే ఎక్కువ. కొమ్మల నీడ పడే మేర మిషన్ తిప్పితే అవి తెగుతాయి, తెగినచోట తెగుళ్లు చేరతాయి. అక్కడ చేత్తో కలుపు తీయించుకోవడమే మేలు. శెనక్కాయలో ఊడలు (కాయ కట్టే కాడలు) నేలలోకి దిగడం మొదలయ్యాక సాళ్ల మధ్య మట్టిని కదపకూడదు. తుంగ, గరిక ఉన్న చోట బ్లేడ్లు వాటి గడ్డల్ని, వేర్లని ముక్కలు చేసి చేనంతా చల్లుతాయి. ఆ ముక్కలు మళ్లీ మొలుస్తాయి. ముందు వాటిని తవ్వి ఏరి బయట పడెయ్యండి. ఇంకోటి, మెత్తగా ఉంటే బాగుంటుందని ఎర్రనేలను పదేపదే తిప్పి పిండి చెయ్యకండి. ఒక వాన పడగానే పైన చెక్కు కట్టి విత్తనం మొలక బయటికి రాలేదు.

ఇంజను సంగతి క్లుప్తంగా చెప్తాను, మిగతాది కంపెనీ పుస్తకంలో ఉంటుంది. వేడి ఇంజనులో పెట్రోలు పోయొద్దు. మూసిన కొట్టంలో స్టార్ట్ చెయ్యొద్దు, పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. మన దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది, పని చేసిన రోజల్లా సాయంత్రం విప్పి చూడండి.

అద్దెకు తెచ్చుకునేవాళ్లు డబ్బులివ్వక ముందే ఖాళీ చోట స్టార్ట్ చేయించి, లివర్ వదలగానే బ్లేడ్లు ఆగుతున్నాయో లేదో చూసుకోండి. బ్లేడ్ల మీద రేకు కవరు ఉండాలి. అది పీకేసిన మిషన్ ఇస్తే తీసుకోకండి, ఇంకోటి అడగండి. లేదంటే ఆ పూటకు గుంటకో, పారో ఉండనే ఉంది.

సెలవు. నమస్కారం.