రాళ్ల పొలం

శ్రోతలకు నమస్కారం. సేద్యం వల్ల నేలలోని చిన్న జీవులకు ఏమవుతుందో చెప్పమన్నారు. ఆ జీవుల పేర్లు చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన సమయం పేర్లకే చాలదు కనుక, నులిపురుగులను, మట్టిలో బతికే నల్లులను (మంచాల నల్లులు కావు), తోక విదిల్చి ఎగిరే రవ్వంత పురుగులను ప్రస్తుతానికి పక్కన ఉంచి, ఒక పొలం కథ చెబుతాను.

ఆ పొలం ఇంగ్లండులో చార్లెస్ డార్విన్ ఇంటి దగ్గర ఉండేది. 1841లో దానిని చివరిసారి దున్ని పచ్చికకు వదిలేశారు. అప్పుడు ఎటు చూసినా చెకుముకి రాళ్లే. కొన్ని పసివాడి తలలో సగమంత ఉండేవి. డార్విన్ కొడుకులు ఆ వాలులో పరుగెత్తితే రాళ్లు గలగలలాడేవి. వాళ్లు దానిని రాళ్ల పొలమనే పిలిచేవారు. ఆ పెద్ద రాళ్లు మట్టిలో మునిగేదాకా తాను బతికి ఉంటానా అని డార్విన్ సందేహపడ్డాడు. ముప్పై ఏళ్లకు, అంటే 1871 నాటికి, ఈ చివర నుంచి ఆ చివరకు గుర్రాన్ని దౌడు తీయించినా నాడాకు ఒక్క రాయి తగలని స్థితి వచ్చిందని తర్వాత రాశాడు. రాళ్లను ఎవరూ ఏరలేదు, ఎవరూ పూడ్చలేదు. వానపాములు కింది మట్టిని తిని పైకి తెచ్చి విసర్జిస్తూ ఉంటే, ఆ మట్టే ఏటేటా పొరగా పేరుకుని రాళ్లను కప్పేసింది.

ఈ కథలో నాకు మరీ ఇష్టమైనది ఆ 1841, చివరిసారి దున్నిన ఏడాది. నాగలి తిరుగుతున్నంత కాలం వానపాములు కప్పినదాన్ని అది మళ్లీ తిరగేస్తూనే ఉంటుంది.

దున్నినప్పుడు కొన్ని వానపాములు తెగి చస్తాయి, కొన్ని పక్షుల పాలవుతాయి. అయినా మట్టిలోనే తిరుగుతూ మన్ను తినే చిన్న జాతులు చాలావరకు తేరుకుంటాయి. నిలువుగా లోతైన బొరియ చేసుకుని, రాత్రివేళ పైకి వచ్చి ఎండుటాకులను లోపలికి లాక్కుపోయే పెద్ద జాతులకు మాత్రం ఇల్లూ పోతుంది, తిండీ పోతుంది. బొరియ నోరు చెదిరిపోతుంది, పైన ఉండవలసిన ఆకూ అలమూ అడుగున పడుతుంది. వాటితోపాటు వాన నీరు లోతుకు ఇంకే దారులూ పోతాయి. తడి నేల మీద బరువైన ట్రాక్టరు నడిస్తే దెబ్బ నల్లులకు తగులుతుంది. వాటికి తవ్వుకునే శక్తి లేదు, మట్టిలో ఉన్న సందులలోనే బతుకుతాయి. ఆ సందులు మూసుకుపోతే వాటికి చోటు లేదు.

దుక్కి మానమని చెప్పడానికి నాకు నోరు రాదు. దున్నకపోతే కలుపుతో పడే పాట్లు సేద్యం చేసేవారికి తెలిసినంతగా నాకు తెలియవు. నా మనవి ఒక్కటే. కోత అయ్యాక మోళ్లనూ గడ్డినీ కాల్చకుండా, అంతా పూడ్చేయకుండా, కొంతైనా నేల మీదే వదలండి. వానపాముకు అది తిండి, ఎండలో నేలకు అది నీడ. ఫలితం చూడాలనుకుంటే, వాన పడిన కొద్ది రోజులకు గడ్డి వదిలిన చోట ఒక పార మట్టి, వదలని చోట ఒక పార మట్టి తీసి, రెండింటిలోనూ వానపాములను లెక్కపెట్టండి.

పార పట్టే ఓపిక లేకపోతే తెల్లవారుజామున పొలంలోకి వెళ్లి వంగి చూడండి. కొస మట్టిలోకి దూరి, తొడిమ పైకి ఉండి, నిటారుగా నిలబడిన ఎండుటాకు ఒకటి కనిపిస్తే, దాని కింద బొరియ ఉండి ఉంటుంది. దానిని లోపలికి లాగుతున్న వానపాము వెలుగు రావడంతో పని సగంలో ఆపి ఉంటుంది.