ఊడలు దిగని సగం

(అనంతపురంలో చేతిపని చేసేవాళ్ళ సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను మాట్లాడేలోపు నా వెనక వేలాడుతున్న ఈ గుడ్డను ఒకసారి చూడండి. ఐదడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న ఖాదీ గుడ్డ. మీకు ఎడమవైపు కనిపించే చెట్టు దారంతో కుట్టింది, కుడివైపుది రంగుతో అద్దింది. రెండూ కలిపి ఒకే చెట్టు, మన తిమ్మమ్మ మర్రిమాను. కదిరి మీదుగా గూటిబయలు వెళ్ళినవాళ్ళు వెంటనే గుర్తుపడతారు. దాదాపు ఐదెకరాల మేర పరుచుకున్న ఆ మాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాని కింద నిలబడితే ఏది మొదలో, ఏది ఊడో తేల్చుకోలేం. గుడ్డ మీదికి తేవాలని నాకు అనిపించింది అందుకే.

2011లో మొదలుపెట్టాను. మొదలుకు గొలుసు కుట్టు, కొమ్మలకు కాడ కుట్టు. ఆకులు మాత్రం రెండు పోగుల దారంతో ఒక్కొక్కటీ నింపుకుంటూ పోవాలి. ఒక ఆకుకు నలభై నిమిషాలు పట్టేది. మూడేళ్ళు అలా గడిచాక మా అత్తమ్మ మంచాన పడింది. ఆమె పోయిన తర్వాత పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు. గుడ్డను మడిచి కలరా ఉండలు వేసి ట్రంకు పెట్టెలో పెట్టాను. మళ్ళీ తీసింది 2023లో.

మడతల దగ్గర పసుపు గీత పడింది. సగం చెట్టు కుట్టుతో నిండుగా ఉంటే, మిగతా సగంలో పెన్సిల్ గీతలున్నాయి. ఊడలు అసలు మొదలే కాలేదు. రెండు పోగుల దారాన్ని నా కళ్ళు ఇప్పుడు అరగంటకు మించి ఓర్చుకోవు. ఎంత లెక్కేసినా ఆ మిగిలిన సగాన్ని కుట్టుతో పూర్తి చేయలేను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా టెన్షన్ పడ్డాను.

రంగు వేద్దామనుకున్నాను. ముందు తడి తెల్లగుడ్డతో కుట్టును అదిమి, దారం రంగు దిగడం లేదని చూసుకుని గుడ్డను ఉతికాను. గంజి, దుమ్ము పోకపోతే రంగు పోగుల్లోకి దిగదు, పైపైనే నిలబడి తర్వాత రాలిపోతుంది. ఉతికి ఆరాక కుంచెతో నాలుగు ఆకులు వేశాను. చాలా చెడ్డగా వచ్చాయి. కుట్టిన ఆకుకు ఎత్తు ఉంటుంది, వెలుగు తగిలితే ఒక పక్క మెరుస్తుంది, ఇంకో పక్క నీడ పడుతుంది. దాని పక్కన కుంచె ఆకు చచ్చినట్టు పడి ఉంది. దారాన్ని అనుకరించబోయిన రంగు దారం ముందు ఓడిపోయింది. ఆ నాలుగు ఆకులు కుడి పైమూల ఇంకా అలాగే ఉన్నాయి. దగ్గరికొస్తే కనిపిస్తాయి.

నాకు దారి చూపించింది నిమ్మలకుంట. ధర్మవరం పక్కనే ఉన్న ఆ ఊరి తోలుబొమ్మలు మీరంతా చూసే ఉంటారు. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలచగా చేసి రంగులు వేస్తారు, చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. బొమ్మ వెనక దీపం పెట్టినప్పుడు చూడండి, హారం మెరిసేది రంగు వల్ల కాదు, రంధ్రం వల్ల. తోలు తీసేసిన చోటే నగ పుడుతుంది. ఇది చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే అయినా, నా గుడ్డ ముందు కూర్చున్నప్పుడే నాకు అర్థమైంది. ఆకు వేయాల్సిన పనిలేదు. ఆకు చుట్టూ వేస్తే చాలు.

అందుకు కావాల్సింది స్టెన్సిల్, అంటే రంగు అద్దడానికి ఆకారం కోసి పెట్టుకునే షీటు. అది కొత్త వస్తువేమీ కాదు. మగ్గం వర్క్ చేసేవాళ్ళు బటర్ పేపర్ మీద డిజైన్ గీసి, సూదితో గీత పొడుగునా రంధ్రాలు పొడిచి, కిరసనాయిలులో తెల్లపొడి కలిపి గుడ్డముక్కతో రుద్దుతారు. కాగితం తీస్తే గుడ్డ మీద చుక్కల్లో డిజైన్ ఉంటుంది. మన వేరుశెనగ బస్తాల మీద పేర్లు వేసే రేకు అచ్చులూ అంతే. ఆ రేకులు కోసేవాళ్ళ తెలివి గురించి ఒక మాట చెప్పాలి. మన తెలుగు అక్షరాలు గుండ్రటివి. సున్నా కోస్తే లోపలి బిళ్ళ ఊడి కింద పడుతుంది, ‘ర’ కోసినా అంతే. ‘అనంతపురం’ అని కోయాలంటే రెండు సున్నాలు, ఒక ‘ర’. ప్రతి దాంట్లో సన్నటి కాడలు వదిలి లోపలి బిళ్ళను పట్టి ఉంచాలి. ఆ కాడలు ఎక్కడ వదలాలో తెలిసినవాడి అచ్చు అక్షరం అందంగా చదవొస్తుంది.

నేను పాత ఎక్స్-రే ఫిల్మును బ్లీచింగ్ పౌడర్ నీళ్ళల్లో నానబెట్టి, నల్లపొర రుద్ది తీసేశాను. చేతులకు గ్లవుజులు వేసుకోండి. పేపర్ కట్టరుతో ఆకులు కోశాను. ఒక కోతతో రెండు వస్తువులు చేతికొస్తాయి: ఆకు ఆకారంలో చిల్లు ఉన్న షీటు, ఊడిపడిన ఆకు ముక్క. చిల్లులోంచి అద్దితే రంగు ఆకు వస్తుంది. ముక్కను గుడ్డ మీద పెట్టి చుట్టూ అద్దితే ఖాళీ ఆకు వస్తుంది. దారం ఆగిన చోటుకు దగ్గరగా రంగు ఆకులు, దూరం పోయేకొద్దీ ఖాళీ ఆకులు వేసుకుంటూ పోయాను. కుడి అంచుకు చేరేసరికి చెట్టంతా ఆకుల సందుల్లోంచి దిగే ఎండలా అయింది. ఊడలు మాత్రం అన్నీ ఖాళీవే. సన్నటి పట్టీలు కోసి పైనుంచి కిందికి పెట్టి చుట్టూ అద్దాను.

రంగులో నీళ్ళు కలపొద్దు. మొదట్లో పలచగా ఉంటే తొందరగా అవుతుందని కలిపాను, షీటు కిందికి పాకి ఆకు అంచులు చెదిరిపోయాయి. స్పాంజిని రంగులో ముంచాక పాత పేపరు మీద రెండు మూడుసార్లు ఒత్తి, దాదాపు పొడిగా అయ్యాకే నిలువుగా అద్దాలి. ఒకేసారి చిక్కగా రావాలనుకోకుండా ఆరిన తర్వాత మళ్ళీ అద్దుకోవాలి. ఒక రోజు ఆరనిచ్చి, వెనకవైపు నుంచి ఇస్త్రీ చేశాను. ఏ రంగులు వాడాలో తేల్చుకోవడానికి లేపాక్షి గుడికి వెళ్ళి ఒక పూటంతా తలెత్తి కప్పు చూశాను. అక్కడి చిత్రాల్లో స్త్రీల చీరల మీద ఉన్న ఇటుక ఎరుపు, గోధుమ, ఆకుపచ్చ, నలుపు. అవే తీసుకున్నాను.

ఆ గుడిలో సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం ఉంది. చెక్కిన స్తంభాలు నిలబడి ఉంటాయి, పైన కప్పు లేదు, ఆకాశమే. దాన్ని చూశాక నా గుడ్డ మీద అతుకు దాచే ప్రయత్నం మానేశాను. అంతకుముందు రంగు మీద అక్కడక్కడా నాలుగు కుట్లు వేసి, రెండు సగాలూ కలిసినట్టు చూపించాలని చూశాను. ఇంటికొచ్చి ఆ కుట్లు విప్పేశాను. పైగా పనిలో ఇంకో ఇబ్బంది ఉంది. కుట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి దాని పక్కన షీటు ఆనదు, రంగు కిందికి పోతుంది. అందుకే దారానికీ రంగుకూ మధ్య వేలెడంత గుడ్డ వదలాల్సి వచ్చింది. ఆ వదిలిన చోటు పైనుంచి కిందిదాకా సన్నటి దారిలా కనిపిస్తోంది కదా, నేను 2014లో ఆగింది అక్కడే.

ఈ పని చూసిన ఒకరిద్దరు, ఇంత కుట్టి చివరికి రంగు పూశావా అని బాధపడ్డారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కుట్టు విలువ తెలిసినవాళ్ళు వాళ్ళు. కానీ పెట్టెలో ఇంకో తొమ్మిదేళ్ళు ఉంటే దీన్ని ఎవరూ చూసేవాళ్ళు కాదు. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి గుడ్డలున్నాయని నాకు తెలుసు. సగం కుట్టిన దిండు గలీబులు, అమ్మమ్మ వదిలేసిన బొంతలు. తెచ్చుకోండి. అచ్చులు నేనిస్తాను, ఈ సంచిలో ముప్పై దాకా ఉన్నాయి.

టీ తాగేటప్పుడు గుడ్డను కిందికి దించి బల్ల మీద పరుస్తాను. ముట్టుకోవచ్చు. వెనక్కి తిప్పి కూడా చూడండి. ఎడమవైపు ముడులు తగులుతాయి, కుడివైపు చెయ్యి నున్నగా జారిపోతుంది.