ఎండలో బతికే పెంగ్విన్‌కు ఏమైంది?

[తెరపై: ఇసుక తీరం, పొదలు, మధ్యలో పెంగ్విన్లు]

నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. మొన్న మన జూ పార్కులో ఒక పాప పెంగ్విన్ ఏదని వాళ్ళ నాన్నను అడిగింది. "అది మంచులో ఉంటుందమ్మా, మన ఎండకు బతకదు" అన్నాడాయన. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! మంచు కరిగితే పెంగ్విన్‌కు కష్టం, అంతే కథ అనుకుంటాం.

తెర మీద చూడండి. ఇది దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దగ్గరి బోల్డర్స్ బీచ్. మంచు జాడ లేదు, పక్కనే జనం ఈత కొడుతున్నారు. ఇక్కడ ఉండేది ఆఫ్రికన్ పెంగ్విన్. వందేళ్ళ కిందట లక్షల్లో ఉండేవి. ఇప్పుడు గుడ్లు పెట్టే జంటలు 10,000 కూడా లేవు. 2024లో దీన్ని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. మంచే లేని చోట ఇలా ఎందుకయింది?

అలిపిరి దారి ఊహించుకోండి. మీ ఆవిడ కవల పిల్లలతో పాదాల మండపంలో కూర్చుంది. మీరు మెట్లెక్కి అన్నం తేవాలి. గాలిగోపురం దగ్గరే దొరికిందా, ఎండెక్కేలోపు దిగొస్తారు. అక్కడ లేదు, 3,550 మెట్లూ ఎక్కారు. కొండ మీదా లేదు, పాపవినాశనం దాకా పోయారు. మరి కింద పిల్లలు అంతసేపు ఆగగలరా?

పెంగ్విన్ సంసారం అచ్చం ఇదే. సాధారణంగా రెండు గుడ్లు. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని ఒకరు గూటి దగ్గర, ఒకరు సముద్రంలో. దగ్గర్లోనే చేప దొరికితే రెండు పిల్లలూ బతుకుతాయి. దూరం పెరిగితే ఒకటి పోతుంది, ఇంకా పెరిగితే రెండూ.

ఆ చేపలు ఏవంటే సార్డీన్, ఆంకోవీ. మన కవళ్ళు, నెత్తళ్ళ జాతి. గుంపు మొత్తాన్ని చుట్టేసే పెద్ద వలలతో పడవలు సరిగ్గా గాలిగోపురం దగ్గరి అన్నాన్నే ఎత్తుకుపోతున్నాయి. ఆంకోవీలో ఎక్కువ భాగం మనుషుల కంచంలోకి కూడా రాదు. పొడి కొట్టి దాణాలో కలుపుతారు. చిత్తూరు కోళ్ళ ఫారాల వాళ్ళకు చేపల పొడి సంగతి బాగా తెలుసు. నాకు బాగా బాధ కలిగించేది ఇదే. దానికి తోడు సముద్రం మారిపోయి సార్డీన్లు తూర్పు వైపు జరిగాయి. పెంగ్విన్లు మాత్రం పాత గూళ్ళ దగ్గరే ఉన్నాయి.

ఇప్పుడు మండపం సంగతి. ఈ పక్షులు తరతరాలుగా పేరుకున్న రెట్టలో బొరియ తవ్వుకుని, ఆ చల్లటి నీడలో గుడ్లు పెట్టేవి. మనవైపు పొలంలో గొర్రెల మంద తోలించుకుంటారు కదా, ఎరువు విలువ మీకు నేను చెప్పక్కర్లేదు. 1840ల నుంచి ఓడలకు ఓడలు వచ్చి ఆ రెట్టను ఎరువు కోసం రాతి నేల తేలేదాకా తవ్వుకుపోయాయి. అంటే మీ ఆవిడ తల మీది కప్పు పీకేశారు. మే నెల ఎండ. ఎంతసేపని ఓర్చుకుంటుంది? ఎండకు తాళలేక పెంగ్విన్ నీళ్ళలోకి దిగుతుంది, ఈలోపు గుడ్లను సముద్రపు కాకులు తన్నుకుపోతాయి. మనుషులే బుట్టలకొద్దీ గుడ్లు ఏరి అమ్ముకోవడం 1960ల దాకా సాగింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. 2000 జూన్‌లో కేప్‌టౌన్ దగ్గర ట్రెజర్ అనే ఓడ మునిగి, దాని ఇంధన నూనె ఒలికింది. ఈకలకు నూనె అంటితే చలినీళ్ళు ఒంటికి తగులుతాయి, పక్షి చస్తుంది. జనం సుమారు 19,000 పెంగ్విన్లను చేతులతో కడిగారు. నూనె అంటని మరో 19,000కు పైగా పక్షులను లారీల్లో దూరంగా పోర్ట్ ఎలిజబెత్‌కు తీసుకెళ్ళి వదిలారు. అవి వందల కిలోమీటర్లు ఈదుకుంటూ ఇల్లు చేరేలోపు కేప్‌టౌన్ దగ్గర నూనె తీసేశారు. ఆ విషయం చదివిన ప్రతిసారీ నాకు కళ్ళు చెమరుస్తాయి.

మంచు సంగతి అబద్ధమని కాదు. 2022లో అంటార్కిటికాలోని బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రం దగ్గర మంచు ముందే విరిగి, ఎంపరర్ జాతి పెంగ్విన్లు గుంపుగా పిల్లల్ని పెంచే 5 కాలనీల్లో 4 చోట్ల పిల్లలన్నీ పోయాయి. నీరు అంటని ఈకలు వాటికింకా రాలేదు.

చివరగా, 2025 మార్చిలో దక్షిణాఫ్రికా కోర్టు ఉత్తర్వుతో ఆరు పెంగ్విన్ కాలనీల చుట్టూ గీతలు గీశారు. పదేళ్ళపాటు ఆ గీతల లోపల కవళ్ళు, నెత్తళ్ళ వల వేయకూడదు. వాటిలో రాబెన్ ద్వీపం కూడా ఉంది, మండేలాను 18 ఏళ్ళు బంధించిన ద్వీపం. అక్కడ గూళ్ళ లెక్క ఎలా తీస్తారో వచ్చే వీడియోలో చూపిస్తాను.