నిప్పుల మీద ఆదివారం విందు

శ్రోతలందరికీ నమస్కారం.

మెక్సికో వంట అనగానే మొక్కజొన్న, చిక్కుడు గింజలు, మిరపకాయలు గుర్తొస్తాయి. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటను తన వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు కూడా ఈ మూడింటికే పెద్దపీట వేసింది. అయితే ఆ దేశానికి ఉత్తరాన, అమెరికా సరిహద్దును ఆనుకుని, సొనోరా, చివావా, న్యూవో లియోన్ అనే రాష్ట్రాలున్నాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ, పశువుల మందలు ఎక్కువ. ఆదివారం సాయంత్రం అక్కడి ఇళ్ళ మధ్య నడుస్తుంటే బొగ్గుల పొగ వాసన తగలకుండా ఉండదు. ఏ పెరట్లోనో ఓ ఇనప ఊచల పొయ్యి, దాని చుట్టూ ఇంటిల్లిపాదీ ఉంటారు. దాన్ని కార్నె అసాదా అంటారు. నిప్పుల మీద కాల్చిన మాంసం అన్నమాట. ఆ విందును ఇంట్లో ఎలా చేసుకుంటారో ఈ రోజు చెప్పుకుందాం.

నేను అరిజోనాలోని టూసాన్‌లో కొన్నాళ్ళున్నాను. అక్కడి నుంచి మెక్సికో సరిహద్దు సుమారు వంద కిలోమీటర్లు. మా పక్కింటివాళ్ళు సొనోరా రాజధాని ఎర్మోసియో నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళ పెరట్లో నిలబడి చూస్తూ, చేతికందిస్తూ ఈ వంట నేర్చుకున్నాను. ఆ ఇంటి పెద్దాయన్ని పిల్లలు తాతా అని పిలిచేవాళ్ళు, అక్కడ కూడా అదే పిలుపు. పొయ్యి ఆయన చేతిలో ఉండేది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ వంటలో మసాలా లేదు. మనకిది కాస్త వింతగా ఉంటుంది. అల్లం వెల్లుల్లి, గరం మసాలా, పెరుగు పట్టించకుండా మాంసం ముట్టుకోవడం మన చేతులకు అలవాటు లేదు. సొనోరాలో మాంసానికి పట్టేది కల్లుప్పు ఒక్కటే. మరికొన్ని చోట్ల నిమ్మరసం, వెల్లుల్లి, బీరు కలిపి నానబెడతారు. అమెరికాలోని మెక్సికన్ దుకాణాల్లో అలా నానబెట్టినదే అమ్ముతారు. అదీ బాగానే ఉంటుంది గానీ, నన్నడిగితే మంచి మాంసానికి ఉప్పు చాలు. రుచి తెచ్చే పని నిప్పుకు వదిలేయాలి. కాబట్టి ఆ నిప్పు సంగతి నేర్చుకుంటే సగం వంట వచ్చినట్టే.

మెక్సికోలో మొదట ఆవులు లేవు. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు ఓడల్లో తెచ్చారు. ఉత్తరాది మెట్ట నేలలు వ్యవసాయానికి అంతంతమాత్రమే అయినా పశువుల మేతకు పనికొచ్చాయి. 1687లో కీనో అనే క్రైస్తవ మత గురువు సొనోరా ప్రాంతానికి వచ్చాడు. ఆయన, ఆయనలాంటివాళ్ళు పశువులతో పాటు గోధుమను కూడా అక్కడ నాటుకునేలా చేశారు. దక్షిణాదిన మొక్కజొన్న రొట్టె ఎంతో, సొనోరాలో గోధుమ రొట్టె అంత. పశువులు, గోధుమ, కట్టెలు దొరికిన చోట ఇలాంటి విందు పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఆ కట్టెల గురించి కాస్త ఆగి చెప్పాలి. సొనోరాలో ఈ వంటకు వాడే బొగ్గు మెస్కీతె అనే ముళ్ళ చెట్టుది. ఆ చెట్టుకు దగ్గరి చుట్టం మన దగ్గరే ఉంది. సర్కారు తుమ్మ అంటాం. రాయలసీమలో కంపచెట్టు అంటారు, ప్రకాశం వైపు చిల్లచెట్టు అంటారు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ చెట్టు విత్తనాలను 1877లో మన కడప ప్రాంతంలో నాటించారు. అది పొలాలనూ చెరువులనూ ఎలా ఆక్రమించిందో మన రైతులకు బాగా తెలుసు. కానీ దాని బొగ్గు మాత్రం చాలా గట్టిది. నిదానంగా కాలుతుంది, చాలాసేపు వేడి నిలుపుతుంది. మన పల్లెల్లో బట్టీలు పెట్టి కాల్చి అమ్మే బొగ్గుల్లో ఎక్కువ భాగం దానివే. అంటే సొనోరా వంటకు కావాల్సిన అసలు సరుకు మన ఊళ్ళోనే బస్తాల్లో దొరుకుతుంది.

ఇక పొయ్యి దగ్గరికి వద్దాం. బొగ్గులు ఆరుబయట మాత్రమే వెలిగించండి. డాబా మీదైనా సరే, పెరట్లోనైనా సరే. మూసిన గదిలో, అద్దాలు బిగించిన బాల్కనీలో బొగ్గులు కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పేరుకుంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, ప్రాణం తీస్తుంది. ఈ విషయంలో ఏ మాత్రం రాజీ పడకండి. ఆరుబయట చోటు లేనివాళ్ళు వంటగదిలో కిటికీలు తెరిచి, గ్యాస్ మీద మందపాటి ఇనప పెనం బాగా కాల్చి చేసుకోవచ్చు. పొగ రుచి రాదు, మిగతాదంతా వస్తుంది.

బొగ్గులు వెలిగించిన వెంటనే మాంసం వేయకూడదు. తాత ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినేవాడు కాదు. పిల్లలు ఆకలని గోల పెడుతున్నా, కొడుకు పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడినా, ఆయన కుర్చీలో కూర్చుని బొగ్గుల వైపు చూస్తూ ఉండేవాడు. మంట పూర్తిగా ఆరిపోయి, నల్ల బొగ్గు మీద తెల్లటి బూడిద పొర కమ్మాలి. దానికి అరగంట పడుతుంది. అప్పుడు ఊచలకు జానెడు కన్నా కాస్త తక్కువ ఎత్తులో అరచేయి పెట్టి చూసేవాడు. రెండు మూడు అంకెలు లెక్కపెట్టేలోపు చేయి తీసేయాల్సి వస్తే వేడి సరిపోయినట్టు. బొగ్గుల్లో ఎక్కువ భాగం ఒక పక్కకు నెట్టి, రెండో పక్క పలుచగా ఉంచేవాడు. ఒక వైపు పెద్ద సెగ, ఒక వైపు చిన్న సెగ. కొవ్వు కారి మంట లేస్తే మాంసాన్ని చిన్న సెగ వైపుకు జరపడమే. నీళ్ళు చల్లితే బూడిద లేచి మాంసానికి అంటుకుంటుంది.

ఊచలు శుభ్రం చేయడానికి ఆయన సగానికి కోసిన ఉల్లిపాయను ఫోర్కుకు గుచ్చి, వేడి ఊచల మీద అటూ ఇటూ రుద్దేవాడు. చుయ్‌మని శబ్దం వచ్చి, పాత మరకలు ఊడి, ఉల్లి వాసన గుప్పుమనేది. నాకు ఆ విందు ఆ వాసనతోనే మొదలయ్యేది.

మాంసం పలుచగా కోయించాలి. వేలి మందం కన్నా తక్కువ ఉంటే మంచిది. వాళ్ళు ఎక్కువగా వాడేది అర్రచేరా, పశువు పొట్ట దగ్గర ఉండే పొడవాటి పట్టీ లాంటి కండ. మాంసాన్ని ముందే ఫ్రిజ్‌లోంచి తీసి, గుడ్డతో లేదా కాగితంతో తడి అద్దేయాలి. పైన నీరుంటే అది ఆవిరయ్యేదాకా మాంసం ఉడుకుతుందే తప్ప కాలదు, ఎర్రటి పొర కట్టదు. ఊచల మీద వేసే ముందు కల్లుప్పు చల్లాలి. వేశాక కెలకకూడదు. పైన చిన్న చిన్న రసం బొట్లు తేలినప్పుడు ఒక్కసారి తిప్పాలి. పక్కకు మూడు, నాలుగు నిమిషాలు చాలు. తీశాక ఐదు నిమిషాలు చెక్క పలక మీద ఉంచి, కండ పోగులకు అడ్డంగా కోయాలి. పోగుల వెంట కోస్తే నమలలేం. ఎంత మంచి మాంసమైనా కత్తి తప్పుగా పెడితే పాడైపోతుంది.

అక్కడివాళ్ళు కాల్చేది ఎక్కువగా గొడ్డు మాంసం. మనలో తినేవాళ్ళూ ఉన్నారు, తిననివాళ్ళూ ఉన్నారు. తిననివాళ్ళకు మెక్సికోలోనే వేరే దారులున్నాయి. సొనోరా పక్కనే ఉన్న సినలోవాలో కోడిని కాలుస్తారు. నారింజ రసం, వెల్లుల్లి పట్టించి నిప్పుల మీద పరుస్తారు. మనం ఇంట్లో చేసుకునేటప్పుడు ఎముకతో ఉన్న తొడ ముక్కలు తీసుకుని, ముందు చిన్న సెగ మీద అరగంటకు పైగా నిదానంగా కాల్చి, చివర్లో పెద్ద సెగ మీద తోలు కరకరలాడేలా చేయాలి. ఎముక దగ్గర ఎర్రటి నీరు కనబడకూడదు. మాంసం లోపలి వేడిని కొలిచే థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీలు చూపించాలి. న్యూవో లియోన్ రాజధాని మొంతెరేలో అయితే లేత మేకపిల్లకు పెద్ద పేరు. దాన్ని ఇనప చువ్వకు గుచ్చి నిప్పుల పక్కన గంటల తరబడి కాలుస్తారు. మన డాబా మీద అది కుదిరే పని కాదు గానీ, లేత మేక చాప్స్ పలుచగా కొట్టించి ఉప్పుతో కాలిస్తే చాలా బాగుంటాయి. శాకాహారులకు పుట్టగొడుగులు, పనీర్ ఉన్నాయి. అక్కడ నాగజెముడు జాతి మట్టలను ముళ్ళు గీకేసి ఊచల మీద కాల్చుకుంటారు, పుల్లపుల్లగా ఉంటాయి. అక్కడ తినడానికే పెంచే రకాలున్నాయి కాబట్టి మన చేలగట్ల మీదివి కోసి ప్రయత్నించకండి.

మాంసం కాలుతుండగా మిగతావాళ్ళు ఖాళీగా ఉండరు. ఈ విందులో నాకు బాగా నచ్చింది ఇదే. మన ఇళ్ళలో పండగ రోజున ఆడవాళ్ళు వంటగదిలో చెమటలు కక్కుతుంటే, మిగతావాళ్ళు హాల్లో కబుర్లు చెప్పుకుంటారు. చివరికి వండినవాళ్ళు చల్లారిన అన్నం తింటారు. అక్కడ పొయ్యి పెరట్లో అందరి మధ్యా ఉంటుంది. కబుర్లన్నీ దాని చుట్టూనే. ఒకరు ఉల్లికాడలను గడ్డలతో సహా ఊచల అంచున పెట్టి తిప్పుతుంటారు. ఒకరు అవకాడో గుజ్జులో ఉప్పు, నిమ్మరసం, ఉల్లి, కొత్తిమీర కలుపుతుంటారు. పిల్లలు నిమ్మకాయలు కోస్తారు. ఆ ఇంటి పెద్దావిడ పచ్చిమిరపకాయలను రెండు అరచేతుల మధ్య పెట్టి, చపాతీ ముద్ద చేసినట్టు గట్టిగా దొర్లించేది. లోపలి గింజలు కదిలి ఘాటు కాయంతా పట్టాలట. తర్వాత వాటిని నిప్పుల మీద తోలు బొబ్బలెక్కేదాకా కాల్చి, నిమ్మరసం, సోయా సాస్ పోసి గిన్నెలో పెట్టేది. ఒక కాయ కొరికి, ఒక ముద్ద మాంసం తినాలి. ఆ కాంబినేషన్ మనవాళ్ళు ఒకసారి తింటే వదలరు.

పచ్చడి తప్పకుండా ఉండాలి. నాలుగు టమాటాలు, మూడు పచ్చిమిరపకాయలు, పొట్టు తీయని రెండు వెల్లుల్లి రెబ్బలు నిప్పుల మీద నల్ల మచ్చలు పడేదాకా కాల్చాలి. వాళ్ళ రోలు నల్లరాతిది, మూడు కాళ్ళుంటాయి. ముందు వెల్లుల్లి పొట్టు తీసి ఉప్పుతో నూరాలి, తర్వాత మిరపకాయలు, చివర్లో టమాటాలు. మెత్తగా చేయకూడదు. మిక్సీలో వేస్తే నీళ్ళలా అయిపోతుంది, కాబట్టి ఇంట్లో రోలు ఉంటే ఆ రోజు బయటికి తీయండి.

రొట్టెలకు అరకిలో మైదా, వంద గ్రాముల కొవ్వు, చెంచా ఉప్పు, పావు లీటరు గోరువెచ్చని నీళ్ళు. వాళ్ళు పంది కొవ్వు వాడతారు, మనం డాల్డా లేదా నెయ్యి వేసుకోవచ్చు. కలిపి అరగంట నాననిచ్చి, చపాతీల్లా పలుచగా ఒత్తి, నూనె వేయకుండా పెనం మీద కాల్చి గుడ్డలో చుట్టి ఉంచాలి. సొనోరా ఆడవాళ్ళు ఈ పిండినే చేతుల మీద వేసి సాగదీస్తూ మూర కన్నా పెద్ద రొట్టె చేస్తారు. అవతలి వెలుతురు కనిపించేంత పలుచన. అది నాకు ఇప్పటికీ చేతకాదు.

తినడానికి అందరూ ఒకేసారి కూర్చోవాలన్న నియమం లేదు. మొదటి ముక్క కాలగానే కోసి, రొట్టెలో పెట్టి, పక్కనున్నవాళ్ళ చేతికిస్తారు. నిప్పు దగ్గర నిలబడినవాళ్ళకే మొదటి ముద్ద. అది అక్కడి మర్యాద. అలా రెండు, మూడు గంటల పాటు కొంచెం కొంచెంగా కాలుస్తూ, తింటూ, మాట్లాడుకుంటూ ఉంటారు. అందుకే మాంసం అంతా ఒకేసారి పొయ్యి మీద వేసేయకండి. అతిథులు ఎనిమిది మంది ఉంటే రెండు కిలోల మాంసం చాలు. దాన్ని మూడు నాలుగు వాయిలుగా వేసుకోండి.

తాగడానికి హమైకా పానీయం చేసుకోండి. అది మన పుల్ల గోంగూర జాతి మొక్కే. పువ్వు రాలాక కాయ చుట్టూ ఉండే ఎర్రటి కండగల రేకులను ఎండబెట్టి అమ్ముతారు. గుప్పెడు రేకులను లీటరు నీళ్ళలో పది నిమిషాలు మరిగించి, వడగట్టి, పంచదార వేసి చల్లార్చితే చిక్కటి ఎరుపు రంగులో పుల్లగా ఉంటుంది. బొగ్గుల సెగ దగ్గర నిలబడినవాళ్ళకు ఒక గ్లాసు ఇచ్చి చూడండి. ఎండు రేకులు దొరక్కపోతే చింతపండు రసంలో పంచదార, ఐసు వేసుకోండి. అదీ మెక్సికో వాళ్ళు రోజూ తాగేదే.

మాంసం అయిపోయాక కూడా బొగ్గుల్లో వేడి ఉంటుంది. వాళ్ళు చిలగడదుంపలు బూడిదలో కప్పెట్టి వదిలేస్తారు, గంటకు మెత్తబడతాయి. మిగిలిన మాంసాన్ని వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్నే సన్నగా తరిగి గుడ్లతో వేయిస్తారు. బొగ్గులు బయటికి ఆరినట్టు కనబడినా లోపల తెల్లవారేదాకా నిప్పుంటుంది. చెత్తబుట్టలో వేసే ముందు నీళ్ళు పోసి, కర్రతో కెలికి, మళ్ళీ నీళ్ళు పోయండి. పిల్లలు తిరిగే ఇళ్ళలో ఆ పని రాత్రే ముగించండి.

ఇక సెలవు. నమస్కారం.