ఊపిరి కన్నా ముందు చూపు

అందరికీ నమస్కారం.

గాలి సిలిండర్ వీపున కట్టుకుని నీళ్లలోకి దిగే స్కూబా డైవింగ్ మాట ఎత్తగానే అందరూ అడిగేది ఒకటే. "అంత లోతుకి ఎలా వెళ్తారండీ, భయం వేయదా?" అని. భయం సంగతి తర్వాత చెప్పుకుందాం. నాకు ఎప్పటినుంచో మనసులో తిరిగే ప్రశ్న వేరే ఉంది. అసలు మొట్టమొదట మనుషులకి దీని మీద మనసు ఎందుకు పోయింది? ముత్యాల కోసం, స్పాంజీల కోసం సముద్రంలో మునిగినవాళ్లు వేల ఏళ్లుగా ఉన్నారు. వాళ్లకది పొట్టకూటి పని. ఎవరూ పంపకుండా, పైసా రాకుండా, ఊపిరి ఆడని చోటికి పనిగట్టుకుని దిగినవాళ్ల సంగతి ఏమిటి? వాళ్లని ఏది లాగింది?

నేను చదివినంతలో, నీళ్లలో చూసినంతలో నాకు దొరికిన జవాబు ఇది: చూపు. నీటి కింద ఒక్కసారి స్పష్టంగా కనబడింది, ఇక వాళ్లు గట్టు మీద నిలబడలేకపోయారు. సిలిండర్లూ, వాటిలోని గాలిని ఊపిరికి తగ్గట్టు అందించే రెగ్యులేటర్లూ ఆ చూపుని ఇంకాసేపు నిలుపుకోవడానికి తర్వాత చేసుకున్న ఏర్పాట్లు.

మన కన్ను గాలిలో చూడటానికి తయారైంది. వెలుతురుని వంచి లోపలికి పంపే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు కంటి ముందుభాగంలోని కార్నియా చేస్తుంది. గాలిలోంచి వచ్చే వెలుతురుని అది బాగా వంచగలదు. నీళ్లకీ దానికీ వెలుతురుని వంచే గుణంలో పెద్ద తేడా లేదు. కాబట్టి నీళ్లలో కళ్లు తెరిస్తే కార్నియా ఉన్నా లేనట్టే. ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టు అంతా అలుక్కుపోయి ఉంటుంది. చెరువులో ఈత నేర్చుకున్న వాళ్లందరికీ ఇది తెలుసు. కంటికీ నీటికీ మధ్య కాస్త గాలి, దాని ముందు ఒక గాజు పలక పెట్టండి. చాలు, చేప పొలుసులు లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తుంది. పైగా ప్రతిదీ ఉన్నదానికన్నా మూడో వంతు పెద్దగా, కాస్త దగ్గరగా కూడా కనబడుతుంది.

ఇప్పుడు ఫ్రాన్స్ వెళ్దాం. మధ్యధరా సముద్రం ఒడ్డున తూలోన్ అని నౌకాదళం ఊరు. జాక్ ఈవ్ కుస్తో అక్కడ నేవీలో కుర్ర ఆఫీసరు. అతని కోరిక విమానం నడపడం, నేవీ పైలట్ అవడం. అందుకు శిక్షణలో కూడా చేరాడు. ఒక రాత్రి కారు ప్రమాదంలో చేతులు బాగా దెబ్బతిన్నాయి. పైలట్ ఆశ అక్కడితో సరి. చేతులకి బలం రావాలంటే రోజూ సముద్రంలో ఈదమని సలహా ఇచ్చింది తోటి ఆఫీసరు ఫిలిప్ తాయే. ఈదడానికి కళ్లకి పెట్టుకునే అద్దాలు కూడా ఇచ్చాడు.

1936లో ఒక ఆదివారం పొద్దున ల మూరియోన్ బీచ్‌లో కుస్తో ఆ అద్దాలు పెట్టుకుని తల నీళ్లలో ముంచాడు. లోతు ఎక్కువ లేదు, ఒడ్డు పక్కనే. రాళ్ల మీద ఆకుపచ్చ, గోధుమ, వెండి రంగుల పాచి, పేరు తెలియని చేపలు. ఊపిరి కోసం లేచి చూస్తే ట్రామ్ బండి, కరెంటు స్తంభాలు, జనం. మళ్లీ ముంచితే అవన్నీ మాయం. తర్వాత రాసుకున్న పుస్తకంలో అతను ఈ ట్రామ్‌నీ స్తంభాలనీ కూడా మరిచిపోకుండా చెప్పాడు. నా దృష్టిలో స్కూబా పుట్టింది ఆ క్షణంలోనే, రెగ్యులేటర్ రావడానికి ఏడేళ్ల ముందు.

అతనొక్కడే కాదు. అదే తీరంలో అంతకుముందే గై గిల్‌పాట్రిక్ అనే అమెరికన్, మాజీ పైలట్, తన పాత విమానం కళ్లద్దాలకి పుట్టీ పూసి నీళ్లు లోపలికి రాకుండా చేసుకుని చేపల్ని ఈటెతో పొడుస్తుండేవాడు. 1937లో సెలవులకి వచ్చిన వియన్నా కుర్రాడు హాన్స్ హాస్ అతన్ని చూశాడు. లా చదవాల్సినవాడు జంతుశాస్త్రానికి మారిపోయాడు. ఈటె పక్కనపెట్టి, నీళ్లలో పనిచేసే కెమెరా పట్టుకున్నాడు.

ఈ ఈటెల సంగతి దాచకూడదు. మొదటితరంలో చాలామందిని లాగిన వాటిలో వేట కూడా ఉంది. కుస్తో, తాయే, వాళ్ల మిత్రుడు ఫ్రెడెరిక్ ద్యుమా, ముగ్గురూ వేటగాళ్లే. ద్యుమాకి ఆ తీరంలో అందుకు పేరుంది. కనబడ్డ దాన్ని పట్టుకోవాలనుకోవడం మనిషికి సహజమేమో గానీ, తీరం పొడవునా పెద్ద చేపలు తగ్గిపోవడం చూసి బాధపడిందీ ఆ తరంవాళ్లే. సముద్రాన్ని కాపాడాలని తర్వాత గట్టిగా మాట్లాడిన గొంతుల్లో కుస్తోదీ ఒకటి.

చూపు దొరికింది, ఊపిరి చాలడం లేదు. ఒక నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు, ఆపైన పైకి రావాల్సిందే. సరిగ్గా మంచి దృశ్యం కంటపడినప్పుడే గుండె దడదడా కొట్టుకోవడం మొదలవుతుంది. ఈ చిరాకే అన్ని ఆవిష్కరణలకీ మూలం. 1926లోనే ఈవ్ ల ప్రియర్ అనే నేవీ ఆఫీసరు గాలి సిలిండర్ తయారుచేశాడు. అందులోంచి గాలి ఆగకుండా వస్తూనే ఉంటుంది, పీల్చినా పీల్చకపోయినా. తొందరగా అయిపోతుంది. కుస్తో స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో ప్రయత్నించాడు. లోతుకి వెళ్లేసరికి ఫిట్స్ వచ్చి చావు తప్పి బయటపడ్డాడు. ఒత్తిడిలో ఆక్సిజనే విషమవుతుందన్న సంగతి తన ఒంటి మీదే తెలుసుకున్నాడు.

1942 డిసెంబర్. యుద్ధం, జర్మన్ల ఆక్రమణ. పారిస్‌లో కుస్తో ఎయిర్ లిక్విడ్ అనే గ్యాసు కంపెనీ ఇంజనీరు ఎమిల్ గాన్యాన్‌ని కలిశాడు. పెట్రోలు దొరక్క కార్లు వంటగ్యాసు మీద నడుపుతున్న రోజులు. ఇంజనుకి ఎంత కావాలో అంతే గ్యాసు వదిలే చిన్న వాల్వ్ గాన్యాన్ దగ్గర ఉంది. పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడా గాలినిచ్చేలా దాన్ని మార్చారు. 1943 జనవరిలో మార్న్ నదిలో, ఎముకలు కొరికే చలిలో పరీక్ష. అడ్డంగా ఈదితే బాగానే పనిచేసింది. నిలబడితే గాలి వృథాగా పోయింది, తలకిందులైతే అందడం కష్టమైంది. తిరిగి వస్తుంటే దారిలో కారణం తట్టింది: వదిలిన గాలి పోయే రంధ్రం, వాల్వ్ ఒకే ఎత్తులో లేవు. రెండింటినీ ఒకచోట చేర్చేసరికి సమస్య తీరిపోయింది.

జూన్‌లో బాందోల్ రైల్వే స్టేషన్‌కి ఒక చెక్కపెట్టె వచ్చింది. ఎవరి కంటా పడకుండా ఓ చిన్న ఖాతంలో కుస్తో నీళ్లలోకి దిగాడు. భార్య సిమోన్ పైన తేలుతూ అద్దాల్లోంచి కనిపెట్టి చూస్తోంది. ఏదైనా జరిగితే దూకడానికి ద్యుమా ఒడ్డున సిద్ధం. కిందికి వెళ్లినవాడు చేసిన మొదటి పని ఏమిటనుకుంటున్నారు? పల్టీలు కొట్టాడు. తలకిందులుగా ఒక వేలి మీద నిలబడ్డాడు. ఒక గుహ కప్పుకి వేలాడుతున్న పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లని తెచ్చి సిమోన్‌కి అందించాడు. విమానం నడపలేకపోయినవాడికి ఎగరడం ఆ రోజు నీళ్లలో దొరికింది. ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా నాకు సంతోషంగా ఉంటుంది.

ఆ తర్వాతి తరానికి చూపు ఇంకో దారిన అందింది. వాళ్లు తెర మీద చూశారు. కుస్తో తీసిన సినిమాకి 1956లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి వచ్చింది. 1958 నుంచి అమెరికా టీవీలో సీ హంట్ సీరియల్ నడిచింది. అది చూసి సిలిండర్లు కొన్నవాళ్లు లెక్కలేనంతమంది. శిక్షణ ఇచ్చే సంస్థలు పుట్టుకొచ్చింది కూడా ఆ కాలంలోనే. నావీ (NAUI) 1960లో, పాడీ (PADI) 1966లో.

ఇద్దరు ఆడవాళ్ల గురించి తప్పకుండా చెప్పాలి. యూజెనీ క్లార్క్ చిన్నప్పుడే తండ్రి పోయాడు. తల్లి శనివారాలు కూడా పనికి వెళ్లాలి. తొమ్మిదేళ్ల పిల్లని ఇంట్లో ఒంటరిగా వదల్లేక న్యూయార్క్ అక్వేరియంలో దింపి వెళ్లేది. పిల్ల గాజుకి ముక్కు ఆనించి, తను సముద్రం అడుగున నడుస్తున్నట్టు ఊహించుకునేది. పెద్దయ్యాక సొరచేపల మీద పరిశోధనలో ప్రపంచానికే పెద్ద దిక్కయింది. ఇక సిల్వియా ఎర్ల్ 1953లో, ఫ్లోరిడాలో విద్యార్థినిగా మొదటిసారి స్కూబాతో దిగింది. ఆమెకి ఇచ్చిన శిక్షణ అంతా ఒకే ఒక్క సలహా: మామూలుగా ఊపిరి తీసుకో. 1970లో సముద్రం అడుగున రోజుల తరబడి ఉండి పనిచేసిన మహిళల బృందానికి ఆమే నాయకురాలు.

చూపే లాగిందన్న నా లెక్కకి కుదరనివాడు ఒకడున్నాడు, ఒప్పుకోవాలి. ఆర్థర్ సి. క్లార్క్. అంతరిక్షం గురించి రాసే మనిషికి నీళ్లలో భారం లేని స్థితి కావాలి. ఆ మోజుతోనే 1956లో మన పక్కనున్న శ్రీలంకకి వచ్చి, జీవితాంతం అక్కడే ఉండిపోయాడు. ముసలితనంలో చక్రాల కుర్చీకి పరిమితమైనా నీళ్లలో మాత్రం తనకి ఏ లోటూ తెలియదనేవాడు. ఒళ్లు సహకరించని ఎంతోమందికి ఇవాళ కూడా స్కూబా ఆ ఊరటనిస్తోంది.

ఇక మన సంగతి. విశాఖలో రోజూ సముద్రం చూస్తాం, రుషికొండ దగ్గర డైవింగ్ కూడా చేయిస్తారు. అయితే మన తీరంలో నదుల మట్టి, వర్షాకాలం పోటు వల్ల నీళ్లు అన్ని రోజులూ తేటగా ఉండవు. అందుకే చాలామంది అండమాన్‌కో లక్షద్వీప్‌కో వెళ్తారు. తొందరేం లేదు. ముందు ఒక మంచి మాస్క్ పెట్టుకుని, తెలిసినవాళ్లు పక్కన ఉండగా, తేట నీళ్లలో నడుము లోతున తల ముంచి చూడండి. ముక్కు కూడా లోపలికి వచ్చే మాస్క్ కావాలి. కళ్లకి మాత్రమే పెట్టుకునే గాగుల్స్‌తో లోతుకి వెళ్తే లోపలి గాలి కుంచించుకుపోయి కళ్లని లాగేస్తుంది. ముక్కు లోపలుంటే కాస్త గాలి ఊది సరిచేసుకోవచ్చు.

అక్కడ మీకు ఆసక్తి పుడితే డాక్టరుకి చూపించుకుని, చెవులు, ఊపిరితిత్తులు బాగున్నాయని తెలిశాక కోర్సులో చేరండి. కింద ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు, ఇది మొదటి నియమం. పైకి వస్తుంటే ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది, బిగబడితే ప్రాణానికే ముప్పు. మొదటి ఐదు నిమిషాలు అందరికీ టెన్షనే. కాసేపటికి ఏదో ఒక చేప అడ్డం వస్తుంది, దాన్ని చూడటంలో పడి ఊపిరి సంగతే మర్చిపోతారు.

భయం గురించి తర్వాత చెప్తానన్నాను కదా, ఇంతే. మీ ప్రశ్నలు అడగండి.